కాళ్ళు గీయమన్న ముసలమ్మ

నా చేతిలో కుంచె చూసి 'ఆర్టిస్టువా?' అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. నేను గోడలు రాసేవాణ్ణి. యూరియా బస్తా రాశా. బీడీకట్ట రాశా. ఇద్దరు పిల్లలు చాలంటూ ఎర్ర త్రికోణం రాశా. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీ గుర్తు, దీపాలు పెట్టాక ఇంకో పార్టీ గుర్తు రాశా. ఈ పని మా మేనమామ దగ్గర నేర్చుకున్నా. తాడుకి జేగురు పూసి, గోడమీద లాగి కొట్టి, ఆ గీతమీద అక్షరాన్ని నిలబెట్టేవాళ్ళం. పవుడరు రంగులో వజ్రం ఉడికించిన నీళ్ళు కలిపితేనే రంగు గోడని పట్టుకుంటుంది. ఆ వజ్రం దేన్నుంచి తీస్తారో మాదిగోడికి ఒకరు చెప్పక్కర్లేదు. చచ్చిన గొడ్డు తోలునుంచి. మీ గోడలమీద దేవుళ్ళందర్నీ రాలిపోకుండా పట్టుకున్నది ఆ తోలే.

ఇంకో ముచ్చట. ఎన్నికలకి ఆరు నెలల ముందే పార్టీలోళ్ళు రోడ్డుపక్క మంచి గోడలకి సున్నం కొట్టి 'రిజర్వుడు' అని రాయించేవాళ్ళు. నేనే రాశా. 1990లో మండల్ మీద మండిపడి, మెరిట్ చచ్చిపోయిందని ఊరేగిన బాబులు ఆ గోడల పక్కనుంచే నడిచారు. గోడల రిజర్వేషనుకి మెరిట్ అడిగినోడు ఒక్కడూ లేడు.

మా పక్కూరి రామాలయం ప్రహరీకి రోడ్డువైపు పట్టాభిషేకం గీయమన్నారు. పదకొండు రోజులు గీశా. అన్నీ అయ్యాక, కంటిపాప మాత్రం పూజారి పెట్టాలన్నారు. నన్ను నిచ్చెన దిగి రోడ్డవతలికి పొమ్మన్నారు. మంచినీళ్ళడిగితే దోసిలి పట్టమన్నారు. పైనుంచి పోశారు. రాముడి పంచెకి పూసిన పసుపు ఇంకా ఆ దోసిట్లోనే ఉంది. నీళ్ళు పచ్చగా కారాయి. అవే తాగాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కారంచేడు జరిగి (1985 జులై 17) ఏడాది దాటింది, అయినా తాగాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

1991 అంబేడ్కర్ శతజయంతి సంవత్సరం. ఆ ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. మా పల్లె కుర్రాళ్ళకి కూడు సయించలేదు. ఊరికీ పల్లెకీ మధ్య రోడ్డుమీదుండే బస్సుషెల్టరు వెనకగోడ మీద అంబేడ్కర్ని గీయాలన్నారు. 'మన పల్లెలో గీసుకుంటే ఎవరు కాదంటార్రా?' అన్నాడు మా నాన్న. అందుకే అక్కడ గీయలేదు.

గళ్ళు కొట్టుకుని నాలుగు రోజులు గీశా. గుడి గోడ గీసేటప్పుడు జనం బొమ్మకి దండం పెట్టి పోయేవాళ్ళు, నా మొహం చూసినోడు లేడు. ఇక్కడ అందరూ నాతో మాట్లాడారు. దూదేకుల సాయిబు సైకిలాపి, కళ్ళజోడు ఎడంపక్క దిగిందని చెప్పాడు. నిజంగానే దిగింది. బస్సులో కండక్టరు రైట్ చెప్పకుండా తల బయటపెట్టి, 'చేతిలో పుస్తకం మీద పేరు రాయవా తమ్ముడూ, చదువురాని ప్యాసింజర్లకి నేను చదివి చెబుతా' అన్నాడు. ఊళ్ళోంచి వచ్చే మోతుబరి పిల్లలు మాత్రం షెల్టరు నీడ వదిలి ఎండలో నిలబడటం మొదలెట్టారు. బొమ్మవైపు వీపు పెట్టి.

అయిదోరోజు తెల్లారేసరికి మొహమంతా పేడ.

ఆడోళ్ళు బిందెలతో వచ్చి కడిగారు. పేడతోపాటు మొహమూ పోయింది. పవుడరు రంగు కదా, నీళ్ళకి ఆగదు. నా పని నాకు కొత్తగా అర్థమైంది ఆ పొద్దున. పేడ కొట్టించుకునే బొమ్మకి ఎనామిల్ కావాలి. ఎనామిల్ డబ్బా ఖరీదు మా ఇంటిల్లిపాది కూలి. పల్లెంతా చందా వేసుకుంది.

రెండోసారి గీస్తుంటే కలుపు కూలీలు వస్తూ ఆగారు. అందులో ఒక ముసలమ్మ, నాకు అమ్మమ్మ వరస. కొంగుతో మట్టి తుడుచుకుంటూ చాలాసేపు చూసింది.

'ఏందయ్యా, నడుం కాడికి ఆపేశా?'

'కింద గేదెలు రుద్దుకుంటయ్యి అమ్మమ్మా. మొగోళ్ళు పాసుకి పోస్తారు. అందుకని...'

'అయితే? మీ తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. వాళ్ళ బజారొస్తే చంకలో పెట్టుకునే నడిచాడు. ఈ బాబుకి కాళ్ళెయ్యి. బూట్లెయ్యి. ఊళ్ళోకి నడిచి పోతన్నట్టుండాల.'

వేశాను. నల్ల బూట్లు, మెరుపుతో సహా.

నాలుగో రోజు ఎస్సై వచ్చాడు. శాంతిభద్రతలన్నాడు. పార్టీ గుర్తులకి లేని శాంతిభద్రతలు. నాచేతే సున్నం కొట్టించాడు. రెండు దెబ్బలు పడ్డాక కొట్టాను. కానీ ఎనామిల్ మీద సున్నం నిలవదని ఆయనకి తెలీదు. చెప్పాల్సిన పని నాకూ లేదు. కార్తీక మాసం ముసురుకి పెచ్చులూడి కిందనుంచి పైకి తేలింది బొమ్మ. ముందు బూట్లు తేలాయి.

ఇప్పుడు నగరాల్లో పెద్ద పెద్ద గోడలకి రంగులేస్తున్నారు. ఒక మీటింగులో ఒకాయన అన్నాడు, వీధిబొమ్మ ముందు అందరూ సమానం, దారినపోయే ప్రతివాడూ దానికి సొంతదారే అని. అయ్యా, మీరు బస్తీకి వచ్చి నెమలిని గీసి, ఫోటో దిగి వెళ్ళారు. మురికికాలవ నెమలి కిందే పారుతోంది. గీయొద్దనను. ఆ వీధివాళ్ళని ఏం గీయమంటారని అడిగారా? అడిగితే కాళ్ళెయ్యమని ఎవరన్నా అనేవాళ్ళు. ఇక ఉచ్చపోయకుండా గోడలకి దేవుళ్ళని గీయించేవాళ్ళున్నారు. నాచేతా గీయించారు. దేవుడున్న గోడని జనమే కాపాడతారు. మా బొమ్మకి రాత్రిళ్ళు మేం కాపలా పడుకోవాలి.

ప్రభుత్వాలు హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల అంబేడ్కర్లని నిలబెట్టాయి. సంతోషమే, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించా. కానీ కోనసీమ జిల్లాకి ఆయన పేరు కలపొద్దని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టిన సంగతి మరిచిపోలేను. బోర్డుమీద పేరు రాసి బతికినవాణ్ణి. ఆ పేరు రాయడానికి ఎన్ని అక్షరాలో నాకు తెలుసు. అన్ని అక్షరాలకి ఇళ్ళు కాల్చారు.

ఫ్లెక్సీలొచ్చి మా పని పోయింది. ఈమధ్య కాలేజీ పిల్లలు వచ్చి, రాత్రికి రాత్రి ఒక గోడ గీసిపెట్టు బాబాయ్, పొద్దున్నే అందరూ చూస్తారన్నారు. రాత్రి రానన్నా. కూలోళ్ళు తిరిగొచ్చే వేళకి, సాయంత్రం నాలుక్కి మొదలెడదాం, ఎనామిల్ తెచ్చుకోండి, గోడ అడుగుదాకా కడిగి ఉంచండి అన్నా. వచ్చే ఆదివారం పోతున్నా.