మునిగిన పడవకు మళ్ళీ స్నానం

మేనమామ కొనిచ్చిన రిమోటు పడవ చెరువులో నాలుగు చుట్లు చక్కగా తిరిగి, అయిదో చుట్టులో బోర్లాపడుతుంది. పిల్లవాడు ఏడుపుముఖంతో దాన్ని ఇంటికి మోసుకొస్తాడు. ఇక ఇంట్లో తలా ఒక సలహా! బామ్మ ఎండలో పెట్టమంటుంది. అక్కయ్య తల ఆరబెట్టుకునే డ్రయ్యరు తెస్తుంది. నాన్నగారు బియ్యం డబ్బాలో దూర్చమంటారు. పిల్లవాడు మాత్రం “ఇంకా పనిచేస్తుందేమో” అని మాటిమాటికీ స్విచ్చి నొక్కుతూ వుంటాడు. నలుగురిలోనూ ఎక్కువ నష్టం చేస్తున్నవాడు అతనే.

ఎందుచేతనంటే, బోర్డును పాడుచేసేది వుత్త నీరు కాదు. బాగా శుద్ధిచేసిన నీటిలో విద్యుత్తు దాదాపు పారదు. చెరువునీటిలోనూ, బోరునీటిలోనూ కరిగివున్న లవణాలే దానికి దారి ఇస్తాయి. సముద్రపు నీరయితే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అటువంటి నీరు బోర్డుమీద నిలిచి, బ్యాటరీ కూడా తగిలించి వుందనుకోండి. ధన ధ్రువం వైపు వున్న సన్నని రాగిగీతలు కరిగిపోవడం మొదలెడతాయి. ఇత్తడి బిందెకు చిలుము పట్టినట్టు పచ్చని పొక్కు కడుతుంది. బిందెకు చిలుము పట్టడానికి నెలలు కావాలి. కరెంటు తోడైతే బోర్డుకు కొద్ది గంటలు చాలు.

కాబట్టి మొట్టమొదటి పని బ్యాటరీ ప్లగ్గు ఊడదియ్యడం. స్విచ్చి ఆపితే చాలదా అంటారేమో, చాలదు. చాలా పడవల్లో ఆ చిన్న స్విచ్చి ఆపేది రిసీవరుకు వెళ్ళే కరెంటును మాత్రమే. మోటారు వేగాన్ని అదుపుచేసే భాగం ఒకటుంటుంది. దాన్ని ఇ.ఎస్.సి. అంటారు. బ్యాటరీనుంచి దానికి వెళ్ళే లావుపాటి తీగల్లో స్విచ్చి ఆపినా కరెంటు వుంటూనే వుంటుంది.

రెండో పని వింటే నవ్వుతారు. తడిసినదాన్ని మళ్ళీ కడగాలి! ఆరబెడితే నీరు పోతుంది గాని వుప్పు ఎక్కడికి పోతుంది? బోర్డుమీదే మిగిలిపోతుంది. వానాకాలంలో గాలిలోని చెమ్మను పీల్చుకుని, తన పని తాను నింపాదిగా చేసుకుంటుంది. “ఆరబెట్టాక బాగానే పనిచేసిందండీ, నెల తిరిగాక చచ్చిపోయింది” అనే పడవల కథ చాలామట్టుకు ఇదే.

కడగడానికి ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డు వాటరు చాలు. బ్యాటరీల కొట్లో దొరుకుతుంది. రిసీవరు, ఇ.ఎస్.సి., చుక్కాని తిప్పే సర్వో, మూడింటినీ బయటికి తియ్యండి. మరలు ఒక గిన్నెలో వేసి వుంచండి, లేకపోతే సాయంత్రం ఇల్లంతా వెతకాలి. మూతలు విప్పి, మెత్తని పాత పళ్ళబ్రష్షుతో ఆ నీరు పోస్తూ రుద్దండి. చెరువునీరయితే ఒకసారి, సముద్రపు నీరయితే నీరు మార్చి మూడుసార్లు. ఆ తరువాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపితే అది మిగిలిన నీటిని కలుపుకుని త్వరగా ఆరిపోతుంది. నీటితో కడగకుండా నేరుగా ఆల్కహాలు పోస్తే ప్రయోజనం తక్కువ, వుప్పు అందులో సరిగా కరగదు. పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా ఈ పని పెట్టుకోకండి. ఆల్కహాలు ఇట్టే అంటుకుంటుంది.

ఇక ఫాను కింద ఒకరోజో రెండురోజులో వదిలెయ్యండి. డ్రయ్యరు వేడికి ప్లాస్టిక్కు వంకర్లుపోతుంది, ఆ గాలి నీటిని సందుల్లోకి ఇంకా లోపలికి నెడుతుంది. బియ్యం సంగతి చెప్పాలా? డబ్బాలో బియ్యం చుట్టూ వున్నంతమాత్రాన బోర్డు సందుల్లోని నీరు వాటిలోకి నడిచిరాదు. పైగా తవుడు, పిండి పోయి సాకెట్లలో చేరతాయి. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కంపెనీ కూడా 2024లో తన వాడకందార్లకు చెప్పింది. బియ్యం అన్నానికే వుంచుదాం.

మోటారుకు ఇంత హంగామా అక్కర్లేదు. శుభ్రంగా కడిగి ఆరాక, ఇరుసు రెండు కొసలా కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క వెయ్యండి. కొబ్బరినూనె వద్దు. చలికాలంలో అది పేరుకుంటుంది.

అన్నిటికన్నా పెద్ద మాట బ్యాటరీ. ఈ మాట పిల్లలతో కాదు, పెద్దవాళ్ళతో. బోర్డు పోతే కొంత డబ్బు పోతుంది. బ్యాటరీ విషయంలో పొరబడితే ఇల్లే అంటుకోవచ్చు. ఈ పడవల్లో వుండేవి సాధారణంగా లిథియం బ్యాటరీలు, ఒక్కొక్క గడి 3.7 వోల్టులు. వుప్పునీరు లోపలికి పోతే రెండు ధ్రువాల మధ్య దారి ఏర్పడుతుంది. నీరు ఆరినా వుప్పు మిగిలి ఆ దారి మిగలవచ్చు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడామీద ఇయన్ తుపాను విరుచుకుపడినప్పుడు సముద్రపు నీట మునిగిన విద్యుత్ కార్లలో కొన్ని, నీరు తీసేసిన తరువాత తగలబడ్డాయి. మన పడవ బ్యాటరీ అరచేతిలో ఇమిడేది, నిజమే. కాని అది వుండేది పిల్లవాడి మంచం కింద!

అందుచేత సముద్రపు నీటిలో నానిన బ్యాటరీని మళ్ళీ చార్జి చెయ్యవద్దు. ఏ నీరైనా సరే, తరువాత బ్యాటరీ వుబ్బినా, వేడెక్కినా, వింతవాసన వేసినా అంతే. దాన్ని గుచ్చకండి, నొక్కకండి. పెరట్లోనో డాబామీదనో, అంటుకునేవి ఏవీ లేనిచోట, ఇసక పోసిన మట్టికుండలో పెట్టండి. వంటింటి చెత్తబుట్టలో పారెయ్యకండి. పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారుచేసేవారిదేనని మన దేశంలో 2022లో నిబంధనలు వచ్చాయి. మంచి బ్యాటరీనయినా అందరూ నిద్రపోయాక చార్జికి పెట్టడం నాకు బొత్తిగా నచ్చని అలవాటు.

అసలు నీరు లోపలికి ఎట్లా వస్తుంది? చాలామంది పైమూతను అనుమానిస్తారు. మూత అంచు పొడవునా పారదర్శకమైన టేపు అంటిస్తే ఆ బెడద తీరుతుంది. అసలు దొంగలు వేరే వున్నారు. పెద్ద పడవల్లో ఇ.ఎస్.సి.ని, మోటారును చల్లబరచడానికి సన్నని గొట్టం నీటిని లోపలికి తెస్తుంది. ఆ గొట్టం వూడిందంటే, పడవ తన కడుపులోకి తానే నీరు తోడుకుంటుంది! రెండో దొంగ, పంకా ఇరుసు బయటికి వెళ్ళే గొట్టం. అందులో గ్రీజు నిండుగా వుండాలి, నాలుగైదు ఆటలకొకసారి మళ్ళీ పెట్టాలి.

బోర్డులమీద పూసే కన్‌ఫార్మల్ కోటింగు అనే పూత వుంది. రెండు పలచని పూతలు వెయ్యండి. సాకెట్ల లోపలికీ, స్విచ్చిలోకీ మాత్రం పోనివ్వకండి. కొందరు రిసీవరును రబ్బరు బుడగలో పెట్టి మూతి కడతారు. పాత కిటుకే గాని మంచిదే. ఇ.ఎస్.సి.ని మాత్రం బుడగలో బిగించకండి, దాని వేడి బయటికి పోవాలి. సందులు మూసే సిలికాను కొనేటప్పుడు వాసన చూడండి. వెనిగరు వాసన వేసేది రాగిని తినేస్తుంది. ఆ వాసన లేని న్యూట్రల్ రకం అడగండి. రిసీవరు ఏరియలు మాత్రం నీటిమట్టానికి పైనే నిలవాలి. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా నీళ్ళతొట్టిలో రేడియో పడవను నడిపి చూపించి జనాన్ని ముక్కుమీద వేలేసుకునేట్టు చేశాడు. ఇప్పటి పడవలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు ఇట్టే మింగేస్తుంది. ఏరియలు మునిగితే పడవ మీ మాట వినదు.

నట్టనడి చెరువులో పడవ ఆగిపోతే ఎవరినీ నీళ్ళలోకి దించవద్దు, ఈతవచ్చిన బాబాయినైనా సరే. నాచు, బురద, తవ్విన గోతులు పైకి కనిపించవు. గాలానికి టెన్నిస్ బంతి కట్టి పడవ అవతలకు విసిరి, దారంతో మెల్లగా లాక్కోవడం అలవాటయినవాళ్ళు చేసే పని. పడవ లోపల ఖాళీల్లో తేలిక ఫోము ముక్కలు కూరితే, బోర్లాపడినా అడుగుకు పోకుండా తేలుతుంది, గాలికి ఎప్పటికో ఒడ్డుకు వస్తుంది. అంతదాకా వేరుసెనక్కాయలు తింటూ కూచోవడమే.

చివరగా, “కొత్త పడవ ఇంట్లో బల్లమీద కదలనే కదలదు, కొట్టువాడు మోసం చేశాడు” అని ఫిర్యాదుచేసేవారికి ఒక మాట. చిన్నపిల్లల పడవలు చాలావాటికి అడుగున రెండు లోహపు బొడిపెలుంటాయి. ఆ రెండూ నీటిలో మునిగితేనే పంకా తిరుగుతుంది, పిల్లల వేళ్ళు తెగకుండా ఆ ఏర్పాటు. బకెట్టులో నీళ్ళుపోసి ఒకసారి పెట్టి చూడండి, ఆ తరువాత కొట్టుకు వెళ్ళండి.