బిస్మిల్లా మరునాడు

బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లాఖానీ జరిపించడం మన పెద్దల నుంచి వస్తున్న ఆనవాయితీ. కొత్త బట్టలు తొడుగుతాం. హజ్రత్ గారి చేత తొలి అక్షరం పలికిస్తాం. మిఠాయి పంచుతాం. మరి మరునాడు ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకునేది ఎవరు? మక్తబుకు, బడికి పంపాం గనుక మన పూచీ తీరిందనుకోవడం పొరపాటు.

బొబ్బిలిలో పిల్లలకు పాఠాలు చెబుతూ మేము తరచూ చూసే సంగతి ఒకటుంది. బిడ్డ ఖాయిదా తెరిచి పేజీ అంతా గడగడా అప్పజెబుతాడు. తెలుగు వాచకమూ అంతే. తల్లిదండ్రులు మురిసిపోతారు. అదే పేజీలో నడుమనున్న ఒక మాట మీద వేలు పెట్టి 'ఇదేమిటి బాబూ?' అంటే నోరు పెగలదు. వాడు చదవలేదు, విని కంఠస్థం చేశాడు. ఈ సంగతి మూడో తరగతిలో బయటపడితే బిడ్డకు అవమానం, బడి అంటే భయం.

తప్పు బిడ్డది కాదు. ఇంట్లో మాట ఉర్దూ. మక్తబులో కుడి నుంచి ఎడమకు సాగే 28 అరబీ అక్షరాలు. బడిలో ఎడమ నుంచి కుడికి తెలుగు, దాని గుణింతాలు, ఒత్తులు. ఆపైన ఇంగ్లీషు. ఇన్ని లిపుల నడుమ పసివాడికి ఇంటి తోడు కావాలి.

ఆ తోడు కష్టమైనదేమీ కాదు. మగ్రిబ్ తర్వాత టీవీ, సెల్‌ఫోన్ కట్టేసి పావుగంట కూర్చోండి. పాఠం మొదటి నుంచి కాదు, నడుమ నుంచి అడగండి. తడబడితే కసరకండి, అక్షరం అక్షరం కూడబలికించండి. బస్సు బోర్డు, కిరాణా పొట్లం మీది కాగితం, ఏదైనా చదివించవచ్చు. చదువురాని తల్లి కూడా వేలు పెట్టి అడగగలదు, చదివినదాని కథ చెప్పించుకోగలదు. వినే తల్లి ఉంటే బిడ్డకు చదవాలనిపిస్తుంది.

మన పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఆ విద్య తరతరాలుగా పెద్దల పక్కన కూర్చున్న పిల్లలకే అబ్బింది. చదువూ అంతే.

దివ్యఖుర్ఆన్ అవతరణ చదవమన్న ఆజ్ఞతోనే ఆరంభమైంది. బద్ర్ యుద్ధ ఖైదీలలో అక్షరజ్ఞానం ఉన్నవారు పదేసి మంది మదీనా పిల్లలకు చదువు నేర్పితే, దానినే విడుదల పరిహారంగా దైవప్రవక్త (స) అంగీకరించారని చరిత్ర చెబుతోంది. ఖైదీల చేతనైనా బిడ్డలకు అక్షరాలు నేర్పించిన సముదాయం మనది. సొంత బిడ్డ కోసం పావుగంట కేటాయించలేమా?

అల్లాహ్ మన బిడ్డలకు మేలు చేసే విద్యను ప్రసాదించుగాక! ఆమీన్.