హాల్లో 94, వెనక గదిలో 3

కొత్త వైఫై పెట్టె బిగించడానికి వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే అడిగే మొదటి ప్రశ్న ఏమిటో గమనించారా? 'టీవీ ఎక్కడుందండీ?' రెండోది, 'సార్ లేరా?' మా ఇంట్లోనూ అదే జరిగింది. టీవీ హాల్లో ఉంది, సారూ అక్కడే ఉన్నారు. పావుగంటలో టీవీ పక్కనే పెట్టె గోడకెక్కింది. కుర్రాడు దాని ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి ఫోనులో స్పీడు చూపించాడు. 94 అని పడింది. మేం డబ్బు కట్టేది 100కి. మావారు సంతోషంగా సంతకం పెట్టేశారు.

మా కోడలు ఉద్యోగం చేసుకునేది మాత్రం వెనక గదిలో.

మాది పాతకాలపు ఇల్లు. వరండా, హాలు, భోజనాల గది, నడిమి గది, వెనక గది, దాన్ని ఆనుకుని వంటిల్లు... అన్నీ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. అన్నీ తొమ్మిదంగుళాల ఇటుక గోడలే. కోడలు హైదరాబాదులోని కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. మీటింగులో తన మాట రోజూ సగంలో తెగిపోయేది. 'వినబడటం లేదండీ' అని అవతలివాళ్లు, 'ఇప్పుడు వినబడుతోందా' అని ఈ పిల్ల. చివరికి పైఅధికారి, నెట్ బాగుచేసుకోండి, లేదంటే ఆఫీసుకొచ్చి పనిచేయండి అన్నారట. అంటే ఏడాదిన్నర బిడ్డను మాకొదిలి హాస్టల్లో చేరాలి, కాదంటే ఉద్యోగం మానాలి. రేంజి ఎక్కువని చెబితే కొత్త పెట్టె కొన్నది అందుకే. తీరా అది కూడా వెనక గదిదాకా రాలేదు.

ఇందులో నా తప్పూ ఉంది. 'హాల్లో కూర్చుని చేసుకోవచ్చుగా అమ్మాయీ' అన్నది నేనే. వారం రోజులు కూర్చుంది కూడా. ఒకపక్క టీవీలో వార్తలు, మరోపక్క వచ్చేపోయే చుట్టాలు, మధ్యలో 'అమ్మాయీ, కాస్త మంచినీళ్లు' అని పిలుపులు. హాల్లో కూర్చున్న కోడలు ఆఫీసు పనిలో ఉందంటే మన ఇళ్లల్లో నమ్మేదెవరు? ఆ వారం చూశాక నాకే సిగ్గేసింది. ఓ ఆదివారం అత్తాకోడళ్లిద్దరం పాల లెక్కల నోటుబుక్కు తీసుకుని ఇల్లంతా పరీక్ష పెట్టాం.

ముందు లాప్‌టాప్‌కి తీగె తగిలించి చూశాం. 95 వచ్చింది. అంటే వీధిలోంచి వచ్చే లైను బాగానే ఉంది, లోపమంతా ఇంట్లోనే. ఇది మొదట తేల్చుకోకపోతే కంపెనీవాళ్లు పెట్టె మంచిదే అంటారు, పెట్టె అమ్మినవాళ్లు లైను మంచిది కాదంటారు. మధ్యలో తిరగాల్సింది మనం.

తర్వాత ఫోను పట్టుకుని గది గదికీ తిరిగాం. తలుపులు మామూలుగా ఎలా వేసుకుంటామో అలాగే వేసి, ఒక్కోచోట మూడేసి సార్లు చూసి, మధ్యది రాసుకున్నాం. కొత్త పెట్టెల్లో రెండు రకాల తరంగాలుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, కానీ గోడ దాటడం దానికి కష్టం. 2.4 అయితే నెమ్మదే కానీ కాస్త దూరం పోతుంది. రెండూ ఒకే పేరుతో కనిపిస్తుంటే ఫోను దేన్ని పట్టుకుందో తెలియదు. అందుకని సెట్టింగుల్లో వేర్వేరు పేర్లు పెట్టాం.

5తో హాల్లో 94, భోజనాల గదిలో 70, నడిమి గదిలో 19, వెనక గదిలో తలుపేస్తే 3. తలుపు తీస్తే 5. వంటింట్లో అసలు అంటుకోలేదు. 2.4తో హాల్లో 42, వెనక గదిలో 9.

'9 ఉంది కదా, మాట్లాడుకోవడానికి చాలదా' అన్నారు మావారు. నిజమే, వీడియో మీటింగుకి అంత కూడా అక్కర్లేదు. కానీ స్పీడు పరీక్షలో అందరం చూసేది పెద్ద అక్షరాల్లో పడే మొదటి అంకె ఒక్కటే. కింద ఇంకో రెండుంటాయి. ఒకటి అప్‌లోడు, అంటే మన మాటా మన బొమ్మా బయటికి వెళ్లే వేగం. రెండోది పింగ్, అంటే ఇక్కణ్నుంచి వెళ్లిన కబురుకి జవాబు రావడానికి పట్టే సమయం. హాల్లో పింగ్ 6 మిల్లీ సెకన్లు. వెనక గదిలో ఒకసారి 40, ఒకసారి 180, ఒకసారి 400. మాట ముక్కలయ్యేది ఈ ఎగుడు దిగుళ్ల వల్లే. సినిమా అయితే ముందే కొంత దింపుకుని పెట్టుకుంటుంది కాబట్టి ఆగకుండా నడిచిపోతుంది. సినిమా చూసేవాళ్లకు బాగానే ఉన్న నెట్, పనిచేసేవాళ్లకు పనికిరాకుండా పోయేది ఇక్కడే.

మరో వింత చూశాం. నేను పాలు వేడిచేద్దామని మైక్రోవేవ్ పెట్టగానే, పక్క గదిలో 9 కాస్తా 2 అయింది. ఆ పొయ్యి పనిచేసేదీ దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరేనట. ఇన్నాళ్లూ పదకొండింటి మీటింగులో కోడలి గొంతు ఆగిపోవడానికి నా కాఫీ కూడా ఓ కారణమన్నమాట!

పెట్టె మీద 1200 అని రాసుంది కదా, అదెక్కడికి పోయిందని కోడలిని అడిగాను. ఒకదాని 300, మరోదాని 867 కలిపి, పైకి సవరించి వేసిన అంకె అది. ఒక్క ఫోనుకి రెండూ కలిపి ఎప్పుడూ రావు. ఇక దుకాణంలో గొప్పగా చూపించిన ఆరు యాంటెనాల సంగతి. ఎంత బలంగా ప్రసారం చేయాలో ప్రభుత్వం హద్దు పెట్టింది, కొమ్ములెన్నున్నా ఆ హద్దులోపలే. పైగా ఇది రేడియోలా ఒకవైపు మాట్లాడేది కాదు. మనం మైకు పెట్టి పిలిస్తే వీధి చివరి మనిషికి వినబడొచ్చు, మరి అతని జవాబు మనకు వినబడొద్దూ? ఫోనులోని గొంతు చిన్నది. అది నాలుగు గోడలు దాటి పెట్టెను చేరాలి. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తున్నా మాట అందకపోవడానికి ఇదొక కారణం.

దుకాణంవాళ్లు రిపీటరు అనే చిన్న పెట్టె వెనక గదిలో పెట్టుకోమన్నారు. అక్కడికొచ్చేదే కొసప్రాణం సిగ్నలు. దాన్నే మళ్లీ పంచితే ఏం లాభం? పెడితే దారి మధ్యలో పెట్టాలి. చవకవైతే తీసుకోవడం, పంచడం ఒకే తరంగం మీద చేస్తాయి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. మేం ఆ ఖర్చు పెట్టలేదు. ఫైబరు వచ్చే చిన్న పెట్టెను హాల్లోనే ఉంచి, అక్కణ్నుంచి లాన్ తీగె లాగించి, కొత్త పెట్టెను నడిమి గదిలో ఇనప బీరువాకి దూరంగా, అటక అంత ఎత్తున పెట్టించాం. టీవీకి వేరే తీగె తగిలించాం. కదలకుండా ఒకేచోట ఉండే వస్తువుకి తీగె చాలదూ? గాల్లో వచ్చేదాన్ని దానికోసం వృథా చేయడమెందుకు?

మళ్లీ నోటుబుక్కు తీశాం. తలుపేసిన వెనక గదిలో 63, పింగ్ 9. వంటింట్లో 24. హాల్లో 21. వరండాలో 4. పెట్టె అదే, గోడలూ అవే.

దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. అయినా ఈ పరీక్ష హాల్లోనే ఎందుకు ముగిసిపోతుంది? ఆడవాళ్ల పనికి చోటు వెనకాలే ఉంటుందని తెలిసీ, అక్కడికొచ్చి చూసేవాళ్లెవరూ ఉండరు. వంటింట్లో ఫోను పెట్టుకుని చీరల వ్యాపారం చేసేవాళ్లున్నారు, పడకగదిలో తలుపేసుకుని ట్యూషన్లు చెప్పేవాళ్లున్నారు, పరీక్షలకు చదివే ఆడపిల్లలున్నారు. బిగించడానికొచ్చిన కుర్రాణ్ని ఆ గదులకు తీసుకెళ్లండి. తలుపేసి చూపించమనండి. అప్పటిదాకా సంతకం ఆపండి. 'సార్ లేరా' అంటే, 'పనిచేసేది నేను, చూపించు బాబూ' అంటే సరిపోతుంది.

ఫ్లాట్లు కట్టించుకుంటున్నవాళ్లు ఇంకొంచెం ముందే మేలుకోవాలి. కాంక్రీటు గోడల్లో ఇనుము ఉంటుంది. నిలువుటద్దాల వార్డ్‌రోబులూ సిగ్నలుకి అడ్డమే. గోడలు లేస్తున్నప్పుడే కరెంటు పైపులతోపాటు ప్రతి పడకగదికీ లాన్ తీగెకి ఓ పైపు వేయమనండి. పూత పూసి రంగులేశాక గోడ తవ్వాలంటే ఎవరికి మనసొప్పుతుంది? మా ఇంట్లో గోడవారగా తెల్లతీగె కనబడుతోందని మావారికి ఇప్పటికీ బాధే.

కోడలి మీటింగుల్లో ఇప్పుడు 'వినబడుతోందా' అన్న మాట రావడం లేదు. ఆఫీసుకి రమ్మన్న మాటా మళ్లీ ఎత్తలేదట. మావారు మాత్రం పొద్దున్నే వరండాలో కూర్చుని ఫోనులో వార్తలు చూద్దామంటే తిరుగుతూనే ఉంటోందని సణుగుతున్నారు. వెనక గదిలోకొచ్చి కూర్చోమన్నాను.