లక్ష్యమునొద్ద చిక్కువడిన బాలుడు

మన గృహములలోనికి నూతనవస్తువేదైన ప్రవేశించినప్పుడు పెద్దలు రెండు తెగలుగా చీలుట పరిపాటి. ఒక తెగవారు దానిని దయ్యమందురు. రెండవ తెగవారు కాలధర్మమందురు. మొదటివారు విచారింపకయే దండింతురు. రెండవవారు విచారింపకయే యూరకుందురు. విచారింపమి మాత్రము ఇరువురికిని సమానమే. నేడు మన బాలుర చేతులలోని యుద్ధపు గేములవిషయమున జరుగుచున్నది ఇదియే. అందలి యొక్క చిన్న యంశమును మేమిప్పుడు చర్చింపదలచితిమి. గేమునందొక మిషను నడుమ, విధింపబడిన లక్ష్యమును సాధింపలేక, బాలుడు గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది చిక్కువడియుండుటయే ఆ యంశము. ఇంత స్వల్పవిషయమునకు వ్యాసమేల యని కొందరు నవ్వవచ్చును. కాని పిల్లవాడు చిక్కువడినచోటనే వాని బుద్ధియు, వాని గురువుల బుద్ధియు, వాని తల్లిదండ్రుల బుద్ధియు బయటపడునని మా యభిప్రాయము.

ఈ గేముల నెరుగని చదువరులకొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇట్టి గేము కొన్ని మిషనులుగా విభజింపబడియుండును. ప్రతి మిషనునకును ఆబ్జెక్టివు అను పేర కొన్ని యాజ్ఞలుండును. ఫలానా ద్వారము తెరువుము, ఫలానా స్థావరమున ప్రేలుడుమందు నుంచుము, ఫలానా బందీని విడిపించి తెమ్ము అని యవి చెప్పును. చెప్పినట్లు చేసినగాని తరువాతి యంకమునకు పోవుట పొసగదు. ఇందు చిక్కులు మూడు తెరగులు. చేతినేర్పు చాలకపోవుట మొదటిది. ఆజ్ఞ అర్థముకాకపోవుట రెండవది. తలుపు తెరువవలసిన తోడిసైనికుడు రాతిబొమ్మవలె నిలిచిపోవుట మొదలగు నిర్మాణదోషములు మూడవది. ఈ మూడింటిలో బాలుని లోపము మొదటిదానియందు మాత్రమే కలదు. అయినను మన యిండ్లలో మూడింటికిని వానినే తిట్టుదురు.

మన తెలుగు పట్టణములలోని నెట్ సెంటర్లయందు ఇరువదేండ్లకు పూర్వము మిక్కిలి ప్రచారమొందిన గేము ప్రాజెక్ట్ ఐ.జి.ఐ. అనునది. నార్వే దేశపు ఇన్నర్‌లూప్ అను సంస్థవారు నిర్మించిన యా గేము 2000వ సంవత్సరమున వెలువడెను. అందు 14 మిషనులు కలవు. మిషను నడుమ నిలిపి దాచుకొనుటకు వీలులేదు. కడపటి కంచె దాటునప్పుడు గుండు తగిలిననను మొదటి కంచెనుండి మరల నారంభింపవలసినదే. నేడు తండ్రులై ఫోనులు లాగికొనుచున్నవారిలో ననేకులు నాడు గంటకింత యని రుసుము చెల్లించి ఆ గేమునొద్ద నూరుమార్లు చచ్చి నూటయొకటవమారు గెలిచినవారే. 2007వ సంవత్సరమున వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ నాలుగవ భాగమున మైల్ హై క్లబ్ అను చివరి మిషనొకటి కలదు. మిక్కిలి కఠినమైన వెటరన్ స్థాయిలో దానిని ఒక్క నిమిషములో ముగింపవలెను. విమానములోని శత్రువులనందరను దాటి బందీని విడిపించుటకు ఆ యరువది సెకండ్లే గడువు. దానియొద్ద చిక్కువడని వారరుదు.

ఇట్లు నూరుమార్లోడి నూటయొకటవమారు పూనుకొను బాలుని మన మేమనుచున్నాము? బడిలో మొద్దు అనుచున్నాము. చదువరులారా, ఇచ్చటనే మా మొదటి యాక్షేపణ. బీజగణితపు లెక్కయొద్ద అయిదు నిమిషములు నిలువనివాడు మిషనునొద్ద అయిదు దినములు నిలుచుచున్నాడనిన, వానికి ఓరిమి లేదనుట యబద్ధము. ఓరిమి కలదు, దానిని పుచ్చుకొనుటకు మన పాఠశాలలకు చేతగాలేదు. గేము రుచికరము, లెక్క చేదు, కాబట్టి పోలిక తగదని కొందరు చెప్పుదురు. వారొక్కసారి చిక్కువడిన బాలుని మొగము చూతురు గాక! అది వినోదించువాని మొగము కాదు. నుదుట చెమటయు, బొమముడియు గలిగి, యేది తప్పెనో వెదకువాని మొగమది. అయిన నేల విడువడు? ఏలయన గేము వానికి చేయవలసినదేదో ముందే చెప్పినది. తప్పినప్పుడు తక్షణమే తెలిపినది. తెలిపి యవమానింపక మరల నారంభింపుమన్నది. మన తరగతిలో తప్పినవానికి మొదట నవ్వు, పిమ్మట దెబ్బ, కడపట వార్షికపరీక్షలో సున్న. తప్పును దిద్దుకొను రెండవ యవకాశము మాత్రము లేదు. తుపాకులమ్ముకొనువాడు నేర్చిన బోధనాశాస్త్రమును పంతుళ్లు నేర్వకుండుట మనకు సిగ్గుచేటు.

ఇక రెండవతెరగు చిక్కును, అనగా ఆజ్ఞ యర్థముకాకుండుటను విచారింతము. సత్యవేడును దృష్టాంతముగా గైకొందము. ఈ యూరు 1960 ఏప్రిలు 1వ తేదీన సరిహద్దుల మార్పుచే మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లానుండి ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాకు వచ్చెను. 2022 ఏప్రిలు 4వ తేదీన నూతనమైన తిరుపతి జిల్లాలో జేరెను. తమిళనాటి ఊత్తుకోట దీనికి సమీపముననే యున్నది. ఇచ్చట తెలుగును అరవమును పెనవైచుకొనియే పెరుగును. రెండు భాషల నడుమ పెరిగిన యీ యూరి బాలుడు ఫోను తెరచునప్పటికి ఆజ్ఞ మూడవభాషలో నుండును. ఎక్స్‌ఫిల్ట్రేట్ అని తెరమీద వెలసినదనుకొందము. శత్రుస్థావరమునుండి చడిలేక వెలుపలికి పొమ్మని దాని యర్థము. అది తెలియని బాలుడు మరల లోపలికే పోయి చచ్చును. పదిమార్లు పోయి పదిమార్లు చచ్చును. ఇది వాని వ్రేళ్ల దోషమా? బుద్ధి దోషమా? పాఠశాలలో ఆంగ్లపు ప్రశ్నను బోధపరచుకొనలేక లెక్క తప్పువాడును, కచేరీలో ఆంగ్లపు కాగితము చదువలేక తిరిగివచ్చు రైతును ఈ బాలుని అన్నదమ్ములే. ఒక్కని చూచి నవ్వి, మరియొకని దండించి, మూడవవానిపై జాలిపడుట న్యాయము కాదు. మువ్వురి చిక్కునకును కారణమొక్కటే.

ఈ మండలముననే మరియొక విచిత్రమును గమనింపవలెను. సత్యవేడు, వరదయ్యపాళెము మండలములయందు వెలసిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారు కూర్చిన షావోమీ ఫోను 2015 ఆగస్టున లోకమునకు ప్రకటింపబడెను. ఆ కర్మాగారపు పనికి చుట్టుపట్ల గ్రామముల యువతులే యెక్కువగా కుదిరిరి. ఫోను కూర్చిన చేతులు ఈ సీమ స్త్రీలవి. ఫోనులో చిక్కువడిన బాలురు ఈ సీమ బాలురు. అయినను ఫోనులోని గేము తల్లికిని అక్కకును తెలియదని, తెలియనక్కరలేదని యింటిలోని మగవారు తీర్మానించి కూర్చుండిరి. సూదిమొనంత భాగములను తప్పులేక యమర్పగలిగిన స్త్రీకి, తన కుమారుని యెదుట వెలసిన యాజ్ఞ యేమని యడిగి తెలిసికొను శక్తి లేదా? అడుగనీయని పురుషుల దురహంకారమే గాని స్త్రీల యసమర్థత కాదది.

నిషేధించిన సరిపోవునని చెప్పువారికిప్పుడు ప్రత్యుత్తరము చెప్పెదము. పబ్జీ అను గేమును, అది మిషనుల గేము కాకున్నను, యుద్ధపు గేములన్నిటిలో నెక్కువగా మన బాలురాడినది కాబట్టి, దృష్టాంతముగా గొందము. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము నిషేధించిన 118 యాపులలో నదియు నొకటి. బాలురు రక్షింపబడిరని మన పెద్దలు సంతసించిరి. ఆ యాజ్ఞలో చెప్పిన కారణములు దేశ సార్వభౌమత్వము, రక్షణ, ప్రజల సమాచార భద్రత. బాలుర ప్రస్తావన దానికి హేతువు కాదు. 2021 జూలైలో అదే గేము పేరు మార్చుకొని మరల వచ్చెను. అందు నెత్తురు ఎరుపు మాని పచ్చనయ్యెను. 2022 జూలైలో మరల తొలగింపబడి, 2023 మే నెలలో మరల వచ్చెను. రాకపోకలు ప్రభుత్వము యెరుగును, సంస్థ యెరుగును. బాలుని మనస్సున నేమి మారెనో యెవరెరుగుదురు? 2025 ఆగస్టున పార్లమెంటు చేసిన చట్టమును డబ్బు పందెపు గేములను నిషేధించినది గాని, పందెము లేని యీ యుద్ధపు గేములను ముట్టలేదు. పచ్చనెత్తురును చూచి తృప్తినొందు సంస్కరణము సంస్కరణము కాదు. గృహమున జేయవలసిన పనిని గెజెట్టునకు వదలివేసి నిదురించుట యది.

ఇంతవరకు చదివి, మేము గేముల పక్షమువారమని యెవరేని భావించినయెడల, వారు తొందరపడినవారగుదురు. మా ముఖ్యాక్షేపణ యిక ముందున్నది. గేము బాలునకు ఎట్లు అను ప్రశ్నను నేర్పును. ఎందుకు అను ప్రశ్నను నేర్పదు. ఈ ద్వారము ఎట్లు తెరువవలెనని వాడు రాత్రియంతయు తలపోయును. తెరువదగునా యని యొక్కనిమిషమైనను తలపోయడు. ఏలయన తెరువకున్న గేము నిలిచిపోవును.

దీనికి నిదర్శనములు చూపెదము. 2009వ సంవత్సరమున వెలువడిన మోడరన్ వార్‌ఫేర్ రెండవ భాగమున నో రష్యన్ అను మిషనొకటి కలదు. ఆడువాడు రహస్యదూతయై హంతకులతో గూడ విమానాశ్రయమునకు పోవును. అచ్చట వారు నిరాయుధులగు ప్రయాణికులను కాల్చుదురు. తాను కాల్చకుండవచ్చును, ఆ మిషనునే విడిచి ముందునకు పోవచ్చును. కాని ఆడువాడు తుపాకిని హంతకులవైపు త్రిప్పినచో మిషను విఫలమైనదని తెర చెప్పును! ధర్మము చేసినవాడు చిక్కువడెను. చూచుచు నడచినవాడు ముందునకు పోయెను. 2012వ సంవత్సరపు స్పెక్ ఆప్స్ ది లైన్ అను జర్మనీవారి గేములో తెల్లభాస్వరమను దహించు నాయుధమును ప్రయోగింపక ముందునకు పోవుటకు మార్గము లేదు. ప్రయోగించిన పిమ్మట కాలిపోయిన శరణార్థులు కనబడుదురు. లక్ష్యమును గ్రుడ్డిగా సాధించువాని మనస్సును ప్రశ్నించుటకే దాని కర్తలట్లు చేసిరి, అది మెచ్చదగినదే. కాని అట్టివి వేయింటికొకటి. తక్కినవానిలో లక్ష్యము ప్రశ్నకతీతము. అమెరికా సైన్యమువారు 2002 జూలై 4వ తేదీన అమెరికాస్ ఆర్మీ అను గేమును ఉచితముగా విడుదల చేసి, యువకులను సైన్యమువైపు త్రిప్పుటకు దానిని వాడిరి. ఆజ్ఞకు లోబడుట యానందమని నేర్పుటవలన నెవరికి లాభమో దీనివలన తేటపడుచున్నది. పైగా యూరపులో పదునెనిమిదేండ్లు నిండనివారికి తగవని ముద్రపడిన గేములు, పైవానిలో కొన్ని యట్టివే, మన యిండ్లలో పండ్రెండేండ్లవాని చేతికి వచ్చుచున్నవి. ఈ ముద్రను చదువు పెద్ద యింటనొక్కడైన నుండవలదా?

మరియొక దోషము. చిక్కువడిన బాలుడు కొంతసేపు పెనగి, పిమ్మట ఇంటర్నెట్టులో నెవడో ఆడి చూపిన వీడియోను తెరచి, వాడు త్రొక్కినచోట త్రొక్కి, కాల్చినచోట కాల్చి బయటపడును. ఇది గైడుపుస్తకము కంఠస్థము చేసి పరీక్ష గెలుచుటకు తోబుట్టువు. ఓడిన నూరుమార్లును వానిని పెంచినవి. అరువు తెచ్చిన యీ గెలుపు వానిని పెంచలేదు. సహాయము పొందుట తప్పు కాదు. తాను చేసిన ప్రయత్నమేదో, అది యెచ్చట చెడెనో చెప్పగలిగిన పిమ్మట పొందిన సహాయము విద్య. అంతకుముందు పొందినది బిచ్చము.

ఇది యంతయు నొకరకమైన రోగమే గదా యని కొందరందురు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019 మేలో అంగీకరించి 2022 జనవరి 1నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో గేములవలని వికారమొకటి చేర్చినమాట నిజమే. కాని వారు దానికి చెప్పిన లక్షణములు వేరు. ఆడుటపై నదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే మిన్నయగుట, హాని కలుగుచున్నను మానకుండుట, ఇవి సామాన్యముగా పండ్రెండు మాసములు కనబడవలెను. అట్టివానికి వైద్యుడు కావలెను. మూడు దినములొక మిషనునొద్ద చిక్కువడినవానికి వైద్యుడక్కరలేదు. ప్రక్కన కూర్చుండువాడు కావలెను.

కాబట్టి గృహస్థులకు మేము చేయు విన్నపములివి. ఆట మొదలిడుటకు పూర్వమే గడువు నిర్ణయింపుడు. మిషను నడుమ చేతినుండి ఫోను లాగకుడు. వ్రాయుచున్నవాని కలము లాగుటయెట్టిదో అదియు నట్టిదే. వయస్సునకు తగని గేమును మొదటనే యింటికి రానీయకుడు. పిల్లవాడు చిక్కువడినప్పుడు, వానికిచ్చిన యాజ్ఞ యేమో వానిచేతనే తెలుగున చెప్పింపుడు. చెప్పలేకపోయిన చిక్కెచ్చటనున్నదో అప్పుడే తెలియును. ఎన్నివిధముల ప్రయత్నించెనో, ఏల చెడెనో యడుగుడు. కడపట నీ ప్రశ్న తప్పక వేయుడు: ఈ లక్ష్యమును నిజలోకమున సాధించినచో నెవరు చత్తురు? వారు నీకేమి చేసిరి? ఈ ప్రశ్నకు గేములో మీట లేదు. అది తల్లి నోటనుండియు, తండ్రి నోటనుండియు రావలసినదే. ఉపాధ్యాయులారా, మీరును మీ తరగతిలో నోడినవానికి మరల నారంభించు హక్కునొసగుడు. ఆ హక్కు బడిలో దొరకినచో, దానికొరకు వాడు యుద్ధభూములను వెదకుకొనడు.

అభిమన్యునకు పద్మవ్యూహమున బ్రవేశించుట తెలిసి వెలువడుట తెలియదని మనము తరతరములుగా విలపించుచున్నాము. వెలువడు తెరవు చెప్పకయే వానిని లోనికి పంపిన పెద్దలను మాత్రము నిందింపము. నేడు ప్రతి యింటను నొక బాలుడు అట్లే లోనికి పోవుచున్నాడు. ఫోను లాగికొనుటకు చేయి యొక్కటి చాలును. వాని ప్రక్కన కూర్చుండుటకు ఓరిమియు, అడుగుటకు బుద్ధియు, వినుటకు వినయమును కావలెను. ఈ మూడును లేని కోపము సంస్కరణ మనిపించుకొనదు.