తెల్లబట్టల మాస్టారు

ఏటా సెప్టెంబర్ 5న దేశమంతా ఒక ప్రొఫెసర్‌ను తలుచుకుంటుంది. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు మహారాజా కళాశాల వదిలి కలకత్తా బయల్దేరితే, విద్యార్థులు ఆయన్ని పూలతో అలంకరించిన బండిలో కూర్చోబెట్టి రైల్వే స్టేషన్ దాకా తామే లాక్కెళ్లారన్న ముచ్చట ఆ రోజు ప్రతి వేదిక మీదా వినిపిస్తుంది. ముచ్చట నిజమే. కాకపోతే 1962 నుంచి మనం పండగ చేసుకుంటున్నది రాష్ట్రపతి అయిన ప్రొఫెసర్‌కు. ఆయన పాఠం చెప్పిన గది కంటే ఆ తర్వాత కూర్చున్న కుర్చీయే మన కళ్లకు పెద్దగా కనిపిస్తుంది.

పదవిని పక్కన పెట్టి పంతులు పనిని మాత్రమే చూడాలనుకుంటే మనం కాకినాడ వెళ్లాలి. అక్కడి పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 దాకా, పదిహేనేళ్లపాటు, రఘుపతి వేంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఈ తరానికి ఆ పేరు ఒక విగ్రహం, లేదంటే పోటీ పరీక్షలో ఒక మార్కు. ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో ఆ పేరు చెబితే వయసు మళ్లినవాళ్లు కూడా కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

ఆయన 1862లో మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి సైన్యంలో సుబేదారు. దాంతో బాల్యం ఉత్తరాదిన గడిచింది, ఉర్దూ నోటికి వచ్చింది. కొంతకాలం హైదరాబాద్‌లో, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివారు. అక్కడి ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ ప్రభావం ఆయన మీద గట్టిగా పడింది. మద్రాసు పచ్చయప్ప కళాశాల, బందరు నోబుల్ కళాశాల, సికింద్రాబాద్ మహబూబ్ కళాశాల మీదుగా కాకినాడ చేరారు. చెప్పిన సబ్జెక్టు ఇంగ్లీషు. అయితే ఆయన శిష్యులు తలుచుకున్నది షేక్‌స్పియర్‌ను కాదు, మాస్టారిని.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒక చిన్న విషయం. ముప్పై ఏళ్లు నిండకముందే భార్య చనిపోయింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అప్పటి నుంచి 1939లో కన్నుమూసేదాకా తెల్లబట్టలే కట్టారు. ఈనాటి పాఠకుడికి ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. కానీ ఆ రోజులు వేరు. భార్య పోయిన మగవాడికి పన్నెండో రోజు కర్మ పూర్తి కాకుండానే సంబంధాలు వచ్చేవి. నలభై దాటిన వరుడికి పదేళ్ల పిల్లను కట్టబెట్టడంలో ఎవరికీ తప్పు తోచేది కాదు. భర్త పోయిన ఆడపిల్లకు మాత్రం బొట్టూ గాజులూ తీసేసి, జీవితాంతం వెలిసిన బట్ట కట్టబెట్టేవారు. కందుకూరి వీరేశలింగం ఆ అన్యాయాన్ని రాజమండ్రిలో వితంతువుకు పెళ్లి చేసి ఎదుర్కొన్నారు. నాయుడు వేరే దారి పట్టారు. లోకం స్త్రీకి విధించిన నియమాన్ని మగవాడై ఉండీ ఎవరూ అడక్కుండా తనకు తానే విధించుకున్నారు. ఉపన్యాసాలు చాలా ఇచ్చిన మనిషే. కానీ రోజూ పొద్దున కట్టుకునే ఆ బట్ట చెప్పినంత సూటిగా ఏ ఉపన్యాసమూ చెప్పి ఉండదు.

మరి సంసారం లేని మనిషి గురించి కుటుంబం మాట ఎందుకు? కుటుంబం అనే మాటకు ఆయన ఇచ్చిన అర్థం వేరు కాబట్టి. జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థుల ఫీజులకూ పుస్తకాలకూ వెళ్లేది. పిఠాపురం మహారాజా సూర్యారావు ఆయన్ని గురువుగా భావించేవారు. ఆ మహారాజా అండతో కాకినాడలో అనాథాశ్రమం వెలిసింది. ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన పిల్లలకు అక్కడ చోటు దొరికింది. సొంత ఇంట్లో దీపం ఆరిపోతే, ఆ నూనె వృథా కానివ్వకుండా పదిమంది పిల్లల గుడ్డి దీపాల్లో పోసిన మనిషాయన.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే ఇది సంతాప సభ అవుతుంది. ఆయన లోపాన్ని కూడా చెప్పుకోవాలి. నాయుడు నడిపిన శీల ఉద్యమానికి ఒక ముఖ్య లక్ష్యం భోగం మేళాలను మాన్పించడం. పెళ్లిళ్లలో, పెద్దల ఇళ్లలో ఆ మేళాల చాటున జరిగే దోపిడీ మీద ఆయన కోపం న్యాయమైనదే. కానీ సంస్కర్తలు వేదికల మీద నీతి చెబుతున్నప్పుడు, నోటి దగ్గర కూడు పోయిన కళావంతుల స్త్రీలకు ఆ వేదిక మీద కుర్చీ లేదు. చివరికి 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. దురాచారంతోపాటు వాళ్ల సంగీతమూ నాట్యమూ వాళ్ల చేతుల్లోంచి జారిపోయాయి. ఆ నాట్యమే తర్వాత మర్యాదస్తుల పిల్లల అరంగేట్రాలకు ఎక్కింది. ఎంత మంచి గురువైనా తన కాలానికి పూర్తిగా బయట నిలబడలేడు.

అయితే ఆ తరగతి గది గొప్పతనం కూడా ఇక్కడే తెలుస్తుంది. నాయుడు ప్రభావంలో పడి బ్రహ్మసమాజం వైపు వెళ్లిన యువకుల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒకరు. ఆయన జీవితాంతం గురువు పేరు భక్తితో తలిచారు. ఇంకొకరు గుడిపాటి వెంకటచలం. శీలమే సర్వస్వమన్న గురువు దగ్గర నేర్చుకుని, శీలం పేరుతో ఆడదాన్ని ఎలా బంధిస్తున్నారో జీవితమంతా ప్రశ్నించిన రచయిత. పైకి చూస్తే గురువు ఓడిపోయాడు. నా లెక్కలో మాత్రం ఇది గెలుపే. లోకం ఏమనుకున్నా నమ్మినట్టు బతకాలన్న పాఠం ఇద్దరూ నేర్చుకున్నారు. చెరో జవాబు రాశారు. ఒకే జవాబు రాయించేది ట్యుటోరియల్. అది కళాశాల కాదు.

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి. నేను చదివింది ఓ చిన్న ఊరి ఎయిడెడ్ కళాశాలలో. మా ఇంగ్లీషు మాస్టారికి కాలేజీ గంట కొట్టాక రెండో కాలేజీ మొదలయ్యేది, ఆయన ఇంటి వరండాలో. ట్యూషన్ ఫీజు అన్న మాటే లేదు. పాత తరంలో వారాలు చేసుకుని చదువుకున్న మనిషి ఆయన. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట తిని డిగ్రీ సంపాదించారు. ఆ అప్పు ఊరికి తీరుస్తున్నట్టు పాఠం చెప్పేవారు. ఆరుగురం వెళ్లినా ఎనిమిదిమందిమి వెళ్లినా లోపలి నుంచి ఉప్మా వచ్చేది. ఆయన సొంత కొడుకు మాత్రం వరండా చివర కూర్చుని, నాన్నకు తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తూ చూస్తూ పుస్తకం మీదే నిద్రపోయేవాడు.

మాస్టారు పోయాక పలకరించడానికి వెళ్లాను. ఆయన ఎంత గొప్పవారో చెబుతూ చాలాసేపు మాట్లాడాను. ఆవిడ అంతా విని, ‘‘నిజమేరా నాయనా. మీరు చదువుకుంది ఆయన దగ్గరే. కానీ నెలాఖరున మీ ఉప్మాకి రవ్వ ఎక్కణ్నుంచి వచ్చిందో ఏనాడైనా ఆలోచించారా?’’ అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. మూడేళ్లు ఆ ఇంట్లో తిన్నాను. ఆవిడ పేరేమిటో కర్మ రోజు వేసిన కార్డులో చదివితేనే తెలిసింది.

అంకితభావం అనే మాటను మనం చాలా చవగ్గా వాడతాం. ఎవరి అంకితభావానికైనా బిల్లు ఎవరో ఒకరు కడతారు. చాలా ఇళ్లలో కట్టింది మాస్టారి భార్య, మాస్టారి పిల్లలు. అయినా ఆ ఇల్లు నిలబడింది. ఎందుకంటే దాని వెనక ఒకటో తారీఖున వచ్చే జీతం ఉంది, రిటైరయ్యాక పింఛను ఉంది. ఆ భరోసా మీదే ఆ ఉప్మా ఉడికింది.

ఈ రోజు ఆ వరండాలు ఖాళీ. ఎయిడెడ్ కళాశాలల్లో రిటైరైనవాళ్ల కుర్చీలు ఏళ్ల తరబడి నింపలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలో కలుపుకోవడానికి పూనుకుంటే విద్యార్థులూ తల్లిదండ్రులూ వీధికెక్కారు. చివరికి ప్రభుత్వం యాజమాన్యాలకు వెనక్కి తగ్గే అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో తరగతులు నడుస్తున్నది గెస్ట్ లెక్చరర్ల మీదే. వాళ్లకు జీతం గంటల లెక్కన. గంట మోగితే జీతం, సెలవొస్తే పస్తు. పర్మనెంటు ఉద్యోగం ఉన్నవాళ్ల బాధ ఇంకోలాంటిది. 2010లో యూజీసీ బోధనను మార్కుల్లో కొలిచే పద్ధతి తెచ్చింది. సెమినార్‌కు ఇన్ని, పేపర్‌కు ఇన్ని. 2018లో నిబంధనలు మారాయి కానీ, కాగితాలు పోగేసే అలవాటు మారలేదు. వెనక బెంచీ కుర్రాడికి సాయంత్రం పూట మళ్లీ పాఠం చెబితే ఏ పట్టికలోనూ గడి లేదు.

కాబట్టి సెప్టెంబర్ 5న శాలువాలు కప్పేవాళ్లకు నాదొక మనవి. వేంకటరత్నం నాయుడిలాంటివాళ్లు ఇప్పుడెందుకు లేరని వాపోకండి. ఆయన వెనక ఒక సంస్థానం నిలబడింది. మా మాస్టారి వెనక ఒక ఇల్లాలూ, ఒక పింఛనూ నిలబడ్డాయి. గంటకింత అని కొలిచి ఇచ్చే ఉద్యోగం చేతిలో పెట్టి, జీవితం మొత్తం ఇమ్మని అడగడం న్యాయం కాదు. ముందు ఆ ఖాళీ కుర్చీలు నింపండి. త్యాగం సంగతి తర్వాత వాళ్లే చూసుకుంటారు.

మా మాస్టారి కొడుకు కూడా లెక్చరరే అయ్యాడు. గెస్ట్ లెక్చరర్. మొన్న కలిస్తే, సాయంత్రాలు పిల్లలకు ఏమైనా చెబుతున్నావా అని అడిగాను. నవ్వాడు. ‘‘సాయంత్రం మా అబ్బాయికి లెక్కలు చెబుతానన్నా. వాడు పుస్తకం మీద నిద్రపోకూడదు’’ అన్నాడు.

తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.