తాళం దారికి వేశారు, తలుపుకి కాదు

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మన ఇళ్ళలో అమ్మలందరూ వింటున్న మాట ఒకటుంది. "నీకు తెలీదులే అమ్మా, నేను చెప్పినట్టు నొక్కు." ప్రేమగానే అంటారు, కాదనను. కానీ ఇంత ప్రమాదకరమైన మాట ఈ మధ్య కాలంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు, దూరం నుంచి లాగిన్ అవడం, ఎన్‌క్రిప్షన్ అంటే ఏమిటో కాస్త మాట్లాడుకుందాం. భయపడకండి, పోస్టుకార్డూ గుడిలో హుండీ తెలిస్తే చాలు.

మా తోడికోడలి కొడుకు పటమటలో మేడమీద గదిలో కూర్చుని, రాత్రంతా అమెరికాలో ఉన్న కంప్యూటర్ మీద పని చేస్తాడు. ఆ కంప్యూటర్‌ని వాడు కళ్ళతో చూసింది లేదు. ఇక్కడ వాడు కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, ఎవరెవరివో మెషిన్లు దాటుకుంటూ అక్కడికి చేరాలి. ఒకప్పుడు ఇదంతా పోస్టుకార్డులాగే వెళ్ళేది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండులో, హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో దొంగచాటుగా అలా వెళ్ళే పాస్‌వర్డులన్నీ పోగేశారు. అక్కడే పనిచేసే తాతు యులొనెన్ అనే ఆయన దానికి విరుగుడుగా ఎస్.ఎస్.హెచ్. తయారుచేశాడు. సెక్యూర్ షెల్ అని పూర్తి పేరు. దాంతో పోస్టుకార్డు కాస్తా అంటించిన కవరైంది. దారిలో చించి చూసినా లోపలంతా అర్థంకాని గజిబిజే. అలా గజిబిజి చేయడమే ఎన్‌క్రిప్షన్.

మరి దాన్ని విప్పే తాళంచెవి అవతలివాళ్ళకి ఎలా పంపాలి? దాన్నీ దారిలో కొట్టేస్తే? ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి హుండీ గుర్తు తెచ్చుకోండి. అందులో ఎవరైనా వేయొచ్చు. వేసినవాళ్ళు కూడా మళ్ళీ తీయలేరు. తాళంచెవి ఉన్నవాళ్ళే తెరవాలి. హుండీ అందరికీ కనబడేచోట ఉంటుంది, తాళంచెవి మాత్రం బయటికి రాదు. కంప్యూటర్లలో హుండీ లాంటిదాన్ని పబ్లిక్ కీ అంటారు, తాళంచెవిని ప్రైవేట్ కీ అంటారు. మా వాడు లాగిన్ అయ్యేటప్పుడు అవతలి కంప్యూటర్ హుండీలో ఒక చీటీ వేసి "ఇందులో ఏముందో చెప్పు" అని అడిగినట్టన్నమాట. చెవి ఉన్నవాడే చెప్పగలడు. చెవిని ఎక్కడికీ పంపనక్కర్లేదు. ఇది విని వాడు "పూర్తిగా అంతే కాదు పిన్నీ" అని గొణిగాడు. వంటింటికి ఇది చాలన్నాను. మన వాట్సాప్ కూడా 2016 నుంచి ఇలాంటి తాళాలతోనే నడుస్తోంది. మీరు చెల్లెలికి రాసింది మీ ఫోనూ ఆవిడ ఫోనూ తప్ప మధ్యలో వాట్సాప్ కంపెనీ కూడా చదవలేదు.

ఇంత గట్టి తాళాలుంటే డబ్బులెలా పోతున్నాయి? ఈ తాళాలన్నీ దారికి వేసినవి. దొంగ దారి జోలికే రావడంలేదు, నేరుగా తలుపు తట్టి మనచేతే తీయిస్తున్నాడు.

ఉయ్యూరు దగ్గర పల్లెలో మా పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. కొడుకు డల్లాస్‌లో. ఆవిడ ఫోను పాడైనప్పుడల్లా వాడు అక్కడినుంచే స్క్రీన్ చూసే యాప్ పెట్టించి బాగుచేసేవాడు. "నేను చెప్పే నంబరు నొక్కు, ఏదొస్తే దానికి ఓకే కొట్టు" అంతే పాఠం. ఒకరోజు బ్యాంకు నుంచని ఫోనొచ్చింది. కేవైసీ అయిపోయిందట. ఎంతో మర్యాదగా "అమ్మా, నేను చెప్పినట్టు నొక్కండి" అన్నాడట. నొక్కింది. ఓటీపీ వాడికి చెప్పలేదు, పాపం, ఆ జాగ్రత్త తెలుసు. కానీ స్క్రీనే వాడికి కనబడుతుంటే చెప్పడమెందుకు? ధాన్యం డబ్బులు పోయాయి. ఆవిడ తెలివితక్కువదని అందరూ అన్నారు. నేనొప్పుకోను. తెలిసినవాడు చెప్పినట్టు చెయ్యమని మనమే నేర్పాం, ఆవిడ చేసింది.

ఎనీడెస్క్ అనే ఇలాంటి యాప్ గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఆ యాప్ దొంగది కాదు, అదీ ఎన్‌క్రిప్షన్‌తోనే నడుస్తుంది. దొంగక్కూడా అంతే భద్రమైన దారి దొరుకుతుంది, అంతే! బ్రౌజరులో తాళం బొమ్మ కూడా ఇంతే. దొంగ వెబ్‌సైటుకీ ఆ బొమ్మ వస్తుంది. అది చూసి జనం నమ్మేస్తున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మ తీసేసింది.

అందుకే పిల్లలకి నేను చెప్పేది, నొక్కమనేముందు ఎందుకో చెప్పండి. మీ అమ్మకి చిట్టీ లెక్కలు వచ్చు, వడ్డీ లెక్కలు వచ్చు, ఇది రాకేం? స్క్రీన్ అవతలివాళ్ళకి కనబడుతున్నప్పుడు బ్యాంకు యాప్ తెరవకూడదని, పనయ్యాక ఆ యాప్‌ని తనే తీసెయ్యాలని, డబ్బు పోయిందనిపిస్తే సిగ్గుపడుతూ సాయంత్రం దాకా కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

పెద్దమ్మ ఇప్పుడు కొడుకు ఫోన్ చేసి స్క్రీన్ చూపించమన్నా ఒప్పుకోవడంలేదు. పెట్టేసి, తనే వీడియో కాల్ చేసి, మొహం చూశాకే నంబరు చెబుతోంది. వాడు విసుక్కుంటున్నాడట. విసుక్కోనీ.