వేపనూనె ఎంతసేపు కాస్తుంది?



దోమల మీద గత ఆదివారం మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. వేపనూనె, నిమ్మగడ్డి నూనె ఉంటే కాయిల్‌తో పనే లేదన్నారు. కాయిల్ పొగ నాకూ పడదు. కానీ ఆ నూనెలు ఎంతసేపు పనిచేస్తాయో ఒక్క ముక్క రాయలేదు.

మా మనవరాలికి కొబ్బరినూనెలో వేపనూనె కలిపి కాళ్లకు పట్టించి బడికి పంపేదాన్ని. విశాఖ ఉక్కపోత తెలిసిందేగా, ఆటో ఎక్కేసరికే సగం నూనె సాక్స్‌కి అంటుకునేది. సాయంత్రం చూస్తే సాక్స్ అంచు పైన వరసగా ఎర్రటి దద్దుర్లు! నిమ్మగడ్డి, సిట్రొనెల్లా లాంటి నూనెలు త్వరగా ఆవిరైపోతాయి, గంటా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ కుట్టేది ఎక్కువగా పగలే. బళ్లో ఎవరు రాస్తారు?

దోమల్ని తరిమే మొక్కల మందుల్లో గంటల తరబడి నిలిచేది నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి వచ్చే పీఎండీ అనే పదార్థం. అదీ మూడేళ్లలోపు పిల్లలకు వద్దంటారు. జలుబుకి రాసే నీలగిరి తైలం వేరు, పొరబడకండి.

అసలు దోమల్ని పుట్టే చోటే ఆపాలి. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఓడరేవుల చుట్టూ కనీసం 400 మీటర్ల దాకా దోమల్ని అదుపు చేయమంటాయి. అక్కడ చూసేది నిలవ నీళ్లని, నూనె సీసాల్ని కాదు. ఏడిస్ గుడ్లు తొట్టి గోడకి అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు. మేం డాబా మీది కూలర్ తొట్టిని శుక్రవారం శుక్రవారం కొబ్బరిపీచుతో రుద్దుతున్నాం. వేపనూనె సీసా ఇప్పుడు దీపాల గూట్లో ఉంది.

— ఒక పాఠకురాలు, గాజువాక